నొప్పి తగ్గింది, పాదం లేవడం లేదు: నడుము దెబ్బ తర్వాత ఫుట్ డ్రాప్

నడుస్తూ ఉండగా హవాయి చెప్పు కాలి నుంచి జారిపోతుంది. తిరిగి చూస్తే రెండడుగుల వెనక పడి ఉంటుంది. నడుము నొప్పితో వచ్చినవాళ్లను మన నరాల డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "చెప్పు జారుతోందా? జారినప్పుడు మీకు తెలుస్తోందా, తెలియడం లేదా?" జారుతున్నట్టు తెలిసినా పట్టి ఉంచలేకపోతే కండరంలో బలం తగ్గిందని అనుమానిస్తారు. జారిన సంగతే తెలియకపోతే పాదంలో స్పర్శ పోయిందని. ఎంఆర్ఐ కంటే ముందే, పైసా ఖర్చు లేకుండా దొరికే సమాచారం ఇది. అయినా చాలామంది దీన్ని చెప్పు అరిగిపోయిన లోపమనుకుని కొత్త జత కొనుక్కుంటారు.

పాదం ముందుభాగాన్ని పైకి ఎత్తలేకపోవడాన్నే ఫుట్ డ్రాప్ అంటారు. కాలు మొత్తం పడిపోదు. తొడ లేస్తుంది, మోకాలు వంగుతుంది, చీలమండ దగ్గర మాత్రం పాదం వేలాడుతుంది. బలహీనత కొంచెంగా ఉంటే అడుగు వేసిన ప్రతిసారీ పాదం టప్పుమని నేలకు కొట్టుకుంటుంది. ఎక్కువగా ఉంటే వేళ్లు నేలకు రాసుకోకుండా మోకాలిని బాగా పైకెత్తి, సమతలం మీద కూడా మెట్లు ఎక్కుతున్నట్టు నడవాల్సి వస్తుంది. ఇళ్లలో దీన్ని "కాలు పడిపోయింది" అనేస్తారు, పక్షవాతమేమోనని టెన్షన్ పడతారు. పక్షవాతంలోనూ పాదం లేవకపోవచ్చు. కానీ హఠాత్తుగా మూతి వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం కూడా ఉంటే అది మెదడుకు సంబంధించిన అత్యవసరం, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇక్కడ చెప్పుకునేది నడుములో మొదలై పాదం దగ్గర బయటపడే సమస్య గురించి.

నడుములో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఉన్న డిస్క్ మీద బరువు చాలా పడుతుంది. వంగి బస్తా ఎత్తినప్పుడో, పక్కకు తిరిగి గ్యాస్ సిలిండర్ లేపినప్పుడో ఆ డిస్క్ వెనక పొర చిట్లి, లోపలి గుజ్జు బయటికి పొడుచుకొస్తే సాధారణంగా ఎల్5 అనే నరం వేరు దాని కింద నలుగుతుంది. పాదాన్ని పైకెత్తే కండరానికి, బొటనవేలిని లేపే కండరానికి ముఖ్యంగా ఆ వేరు నుంచే ఆదేశాలు వెళ్తాయి. పైనున్న ఎల్4 వేరుకీ కొంత వాటా ఉంది. అందుకే దెబ్బ నడుములో తగిలినా లోపం పాదంలో కనిపిస్తుంది.

మోసం చేసే ఉపశమనం

ఇది తరచుగా ఎలా జరుగుతుందో చూడండి. బియ్యం బస్తా దించుతుంటే నడుము పట్టేస్తుంది. రెండు రోజుల తర్వాత నొప్పి పిరుదు మీదుగా పిక్క పక్కనుంచి పాదం పైభాగం దాకా దిగుతుంది. దగ్గితే కరెంట్ షాక్ కొట్టినట్టు ఉంటుంది. వారం పాటు మాత్రలు, బామ్, వేడి కాపడం. ఒక రోజు పొద్దున లేచేసరికి కాలి నొప్పి సగానికి సగం తగ్గి ఉంటుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ పొద్దునే బాత్రూమ్ గడప దగ్గర కాలి వేళ్లు తట్టుకుని తూలుతారు. "నీరసం, నాలుగు రోజులు తింటే సర్దుకుంటుంది" అని సర్ది చెప్పుకుంటారు.

సర్దుకోకపోవచ్చు. నొప్పి తగ్గడానికి రెండు దారులు ఉన్నాయి: నరం మీద ఒత్తిడి తగ్గడం, లేదా నరం సంకేతాలు పంపడమే మానేయడం. నొప్పి తగ్గుతూ, అదే సమయంలో తిమ్మిరి పెరిగి పాదం బలహీనపడితే అది రెండో దారి కావచ్చు. ఫుట్ డ్రాప్ విషయంలో విలువైన రోజులు ఎక్కువగా ఇక్కడే చేజారతాయి. మనవాళ్లు జబ్బును నొప్పితో కొలుస్తారు. ఈ జబ్బును కొలవాల్సింది బలంతో.

ఆ కొలత ఇంట్లోనే చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని, మడమలు నేలకు ఆనించి రెండు పాదాల ముందుభాగాన్నీ ఒకేసారి పైకి లేపాలి. తర్వాత ఇంకొకరు బొటనవేలి మీద తమ చూపుడువేలితో కిందికి నొక్కుతుంటే లొంగకుండా పైకి ఎత్తి ఉంచాలి. రెండు కాళ్లనూ పోల్చాలి. నిలబడగలిగితే, పక్కన మనిషిని పెట్టుకుని మడమల మీద పది అడుగులు నడిచి చూడాలి. తేడా కనబడితే తారీఖుతో సహా రాసుకుని అదే రోజు డాక్టర్‌ని కలవాలి. డాక్టర్లు బలాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడ్లుగా రాస్తారు. 5 అంటే మామూలు బలం. 3 అంటే ఎదురుగా నొక్కేవాళ్లు లేకపోతే పాదం తన బరువు తాను ఎత్తుకోగలదు. 0 అంటే చిన్న కదలిక కూడా లేదు. కాగితం మీద ఆ అంకె రాయించుకోవడం మంచిది. రెండు వారాల తర్వాత ఇంకో డాక్టర్ చూసినా బలం పెరిగిందో తరిగిందో దాన్నిబట్టే తేలుతుంది.

ఒక్క రోజు కూడా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం, మూత్రం బిగుసుకుపోయి రాకపోవడం, మల విసర్జన మీద అదుపు తప్పడం, సైకిల్ సీటు తగిలేంత మేర తొడల మధ్య మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వెన్ను చివర ఉండే నరాల కట్ట మొత్తం నలుగుతోందనడానికి ఇవి గుర్తులు. గంటలు లెక్కపెట్టి ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి. రాత్రి పన్నెండైనా సరే, వెన్నెముక ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి వెళ్లాలి. తాటిచెట్టు మీద నుంచో, పరంజా మీద నుంచో పడినవారిని మాత్రం చంకల కింద చేతులు వేసి లేపి ఆటోలో కుదేయకూడదు. మెలి తిరగకుండా బల్ల మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

తప్పు నడుముదేనా?

నడుము నొప్పి ఉంది, పాదం లేవడం లేదు, ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బు కనిపించింది. ఈ మూడూ కలిస్తే కారణం దొరికేసినట్టే అనిపిస్తుంది. అంత తొందర పనికిరాదు. నలభై దాటినవారిలో ఏ నొప్పీ లేకపోయినా స్కాన్‌లో డిస్క్ ఉబ్బు కనిపించడం మామూలే.

మోకాలి కింద, కాలి బయటి వైపు ఉన్న సన్నని ఎముక పైభాగం చుట్టూ ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా తిరిగి వెళ్తుంది. పాదాన్ని ఎత్తే కండరాలకు వెళ్లేది అదే. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవారికీ టైల్స్ పరిచేవారికీ, కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటున్నవారికీ, మోకాలి దగ్గర కట్టు బిగుతుగా వేయించుకున్నవారికీ, జబ్బు చేసి హఠాత్తుగా చిక్కిపోయినవారికీ ఆ నరం అక్కడ నొక్కుకుపోతుంది. నడుము నొప్పితో వారాలు మంచం పట్టి, కాలు ఎప్పుడూ ఒకే వైపు వాల్చి పడుకున్నా ఇది జరగొచ్చు. మధుమేహం కూడా ఈ నరాన్ని బలహీనపరుస్తుంది. కుష్ఠు అయితే నేరుగా దాన్నే దెబ్బతీస్తుంది. పాదం లేవకపోవడంతో పాటు స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, మోకాలి పక్కన తాడులా తగిలే నరం ఉంటే ఆ కోణంలోనూ చూడాలి. దానికి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

మన పల్లెల్లో ఇంకో కారణం ఉంది, దాని గురించి గట్టిగా చెప్పుకోవాలి. నడుము నొప్పి అనగానే ఊళ్లో పిరుదుకు సూది వేస్తారు. అది పిరుదు పైభాగంలో బయటి మూలన కాకుండా మధ్యలోకో కిందికో దిగితే, అక్కడి నుంచి కాలిలోకి దిగే పెద్ద నరానికి (సయాటిక్ నరం) గుచ్చుకోవచ్చు. పాదాన్ని ఎత్తే భాగమే ఆ నరంలో తేలికగా దెబ్బతింటుంది. సూది దిగిన క్షణంలోనే కాలంతా మంట పాకి, ఆ రోజే పాదం వేలాడితే నిందను డిస్క్ మీద వేయకూడదు. డాక్టర్‌కి చరిత్ర చెప్పేటప్పుడు సూది ఎప్పుడు వేయించుకున్నారో, పాదం లేవడం ఎప్పుడు ఆగిందో వరుస తప్పకుండా చెప్పాలి. నొప్పికి మాత్ర సరిపోయేచోట సూది కావాలని పట్టుబట్టకపోవడం ఇంకా మంచిది.

నడుములోనా, మోకాలి దగ్గరా అన్నది మంచి డాక్టర్ చేత్తోనే చాలావరకు తేల్చేస్తారు. పాదాన్ని లోపలి వైపుకు తిప్పే కండరానికీ, ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి వాలిపోకుండా పట్టే కండరానికీ ఎల్5 నుంచే ఆదేశాలు వెళ్తాయి. కానీ అవి మోకాలి పక్కనున్న నరం గుండా వెళ్లవు. కాబట్టి ఆ రెండూ బలహీనంగా ఉంటే తప్పు పైన, నడుములో. అవి గట్టిగా ఉండి పాదం ఒక్కటే వేలాడితే మోకాలి దగ్గర వెతకాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. మంచం మీద కూర్చోబెట్టి కాలిని తాకకుండా స్కాన్ మాత్రమే చూసి ఆపరేషన్ అనో, అక్కర్లేదనో తేల్చేస్తే ఇంకొకరి అభిప్రాయం అడగడంలో తప్పు లేదు. నరాల పరీక్ష, అంటే ఎన్‌సీఎస్, ఈఎంజీ కూడా ఉపయోగమే. అయితే దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో చేస్తే పూర్తి సంగతి తెలియదు. దెబ్బతిన్న నరం, కండరం తీరు అందులో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఆపరేషన్ ఏం చేయగలదు

డిస్క్ జారిన చాలామందికి ఆపరేషన్ లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి తగ్గుతుంది. బయటికొచ్చిన గుజ్జు కాలక్రమంలో కుంచించుకుపోవడం కూడా నిజమే. ఈ ధైర్యం నొప్పి ఒక్కటే ఉన్నవాళ్లకు బాగా వర్తిస్తుంది. పాదం బలం 4 దగ్గర నిలకడగా ఉంటే, దగ్గరుండి చూసుకుంటూ కొన్ని వారాలు ఆగవచ్చని చాలామంది సర్జన్లు చెబుతారు. బలం 3 కంటే తక్కువ ఉన్నా, రోజురోజుకీ తగ్గుతున్నా లెక్క మారుతుంది. నరం ఎంత గట్టిగా, ఎంతకాలం నలిగిందన్నదాన్ని బట్టే అది కోలుకోవడం ఆధారపడి ఉంటుంది. అందుకే అలాంటివారికి త్వరగా ఒత్తిడి తీసేయడానికే మొగ్గు చూపుతారు.

"వెన్నుపూస ఆపరేషన్ చేయించుకుంటే కాళ్లు పడిపోతాయట" అన్న భయం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఏ ఆపరేషన్‌లోనైనా ప్రమాదం కొంత ఉంటుంది, దాన్ని సర్జన్‌ని అడిగి తెలుసుకోవాలి. కానీ పాదం అప్పటికే పడిపోతున్నప్పుడు ఆగడంలోనూ ప్రమాదం ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకో మాట ఆపరేషన్‌కు ముందే ఇంటివాళ్లందరికీ తెలియాలి: సర్జన్ తీసేది నరం మీది బరువును, నరానికి కొత్త బలం పోయలేరు. ఆపరేషన్ మర్నాడు కాలి నొప్పి పోయి, పాదం మాత్రం అలాగే వేలాడుతుంటే ఆపరేషన్ చెడిపోయిందని కాదు.

నరానికి దాని వేగం దానికుంది. పైపొర మాత్రమే దెబ్బతిని లోపలి తీగలు నిలిచి ఉంటే వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో కదలిక వస్తుంది. లోపలి తీగ తెగితే మళ్లీ మొలుచుకుంటూ రావాలి. ఆ వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, నెలకు ఒక అంగుళం. నడుము నుంచి మోకాలి కింది కండరం దాకా రెండడుగులకు పైగా దూరం. లెక్క వేస్తే రెండేళ్లు. అంతకాలం ఆదేశం అందని కండరం కరిగిపోతూ, ఏడాదిన్నర రెండేళ్ల తర్వాత నరం వచ్చినా అందుకోలేని స్థితికి వస్తుంది. అదృష్టవశాత్తూ నడుములో నలిగిన నరంలో తీగలన్నీ తెగడం అరుదు. మిగిలినవి పక్కకు కొమ్మలు వేసి ఖాళీలను పూరిస్తాయి. అందుకే మొదటి ఏడాదిలో చాలామందికి ఎంతో కొంత మెరుగు కనిపిస్తుంది. "నరాల బలానికి" అని ఇచ్చే మిథైల్‌కోబాలమిన్ సూదులు, మాత్రలు బి12 తక్కువైనవారికి అవసరమే. డిస్క్ కింద నలుగుతున్న నరాన్ని అవి బయటికి లాగలేవు.

నరం వచ్చేలోగా

వేచి ఉన్నన్నాళ్లూ చేయాల్సిన పనుల్లో మొదటిది పిక్క బిగుసుకుపోకుండా చూడటం. పాదం ఎప్పుడూ కిందికే వేలాడుతుంటే పిక్క కండరం, మడమ వెనక తాడులా కనిపించే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పొట్టిగా మారతాయి. ఆర్నెల్ల తర్వాత నరం తిరిగొచ్చినా, బిగిసిన చీలమండ పాదాన్ని లేవనివ్వదు. మంచం మీద గోడకు వీపు ఆనించి, నడుము వంగకుండా కూర్చుని, కాలు చాపి, పాదం ముందుభాగానికి తువ్వాలు వేసి రెండు చేతులతో మెల్లగా తనవైపు లాక్కోవాలి. మోకాలు లేవకూడదు. ముప్పై అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా ఐదుసార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. చేతులు లాగుతున్నప్పుడే మనసు పెట్టి పాదాన్ని తానుగా లేపడానికి కూడా ప్రయత్నించాలి. రాత్రి దుప్పటి బరువు పాదాన్ని కిందికి నొక్కకుండా చూసుకోవాలి. ఫిజియో చెబితే రాత్రి పాదాన్ని నిటారుగా పట్టి ఉంచే స్ప్లింట్ పెట్టుకోవాలి.

కొంచెం కదలిక మొదలయ్యాక పక్కకు పడుకుని, పాదం బరువు అడ్డు రాకుండా లేపడం సాధన చేస్తారు. తర్వాత కూర్చుని, ఆ తర్వాత రబ్బరు బ్యాండ్‌తో, చివరికి మడమల మీద నడక. తుంటి కండరాలను మర్చిపోకూడదు, ఎల్5 దెబ్బలో అవీ నీరసిస్తాయి, నడక సగం వాటి మీదే నిలుస్తుంది. "కరెంట్ పెట్టించుకోవడం" మీద మాత్రం మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. నెలల తరబడి సిట్టింగులకు డబ్బు కడతారు. పక్షవాతం వచ్చినవారిలో పాదాన్ని లేపే కరెంట్ యంత్రాలు బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ వెన్ను నుంచి కండరం దాకా నరం బాగానే ఉంటుంది. నరమే తెగిన చోట అదే ఫలితం ఆశించలేం. ఒక కేంద్రంలో కరెంట్ తప్ప సాగదీయడం, బలం పెంచడం, నడక నేర్పడం ఏవీ లేకపోతే అక్కడి ఖర్చు గురించి మళ్లీ ఆలోచించాలి.

నడవడానికి ఏఎఫ్‌ఓ అనే స్ప్లింట్ ఇస్తారు. పిక్క వెనక నుంచి అరికాలి దాకా ఎల్ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ అది. పాదాన్ని పడనివ్వదు. పెట్టుకుంటే కండరం బద్ధకిస్తుందని కొందరు దాచేస్తారు. వ్యాయామం చేసుకుంటూ నడిచేటప్పుడు పెట్టుకుంటే ఆ భయం అక్కర్లేదు, పడి తుంటి విరగ్గొట్టుకోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం. చీలమండ మరీ బలహీనంగా లేకపోతే బూటు లేసులకు తగిలించే ఎలాస్టిక్ పట్టీ కూడా చాలు.

అసలు చిక్కు మన చెప్పుల సంస్కృతితో వస్తుంది. ఈ స్ప్లింట్‌ను బూటు కోసం తయారుచేశారు. మనం గడప దగ్గర చెప్పులు విప్పుతాం, గుడిలో విప్పుతాం, చుట్టాలింట్లో విప్పుతాం. బూటు లేకుండా నున్నటి ప్లాస్టిక్‌తో గ్రానైట్ మీద అడుగు వేస్తే జారుతుంది. పైగా స్ప్లింట్ కోణాన్ని బూటు మడమ ఎత్తును బట్టి సరిచేస్తారు, బూటు తీసేస్తే మోకాలు వెనక్కి నెట్టినట్టవుతుంది. దీనికి మంచి పరిష్కారం ఇంట్లోకి విడిగా ఒక శుభ్రమైన బూట్ల జత పెట్టుకోవడం. ఇంట్లో బూట్లేమిటని పెద్దలు మొదట ఒప్పుకోకపోవచ్చు. కళ్లజోడులాగే ఇదీ ఒంటి మీద ఉండాల్సిన వస్తువని చెబితే ఒప్పుకుంటారు. బయటికి బూటు ఒక సైజు పెద్దది తీసుకుని, లోపలి మెత్తని అట్ట తీసేస్తే స్ప్లింట్ పడుతుంది. బూట్లు వద్దనుకుంటే వెనక పట్టీ, పైన వెల్క్రో ఉన్న శాండిల్ సర్దుకోవచ్చు. హవాయి చెప్పులు మాత్రం పక్కన పెట్టేయాల్సిందే.

మొదటి రోజు గంటసేపే పెట్టుకుని, సాక్స్ తీసి చర్మం చూడాలి. అరగంట గడిచినా పోని ఎర్రని గుర్తు ఉంటే తయారుచేసిన చోటుకే వెళ్లి సరిచేయించుకోవాలి. స్పర్శ లేని పాదానికి పుండు పడినా తెలియదు. మధుమేహం ఉంటే ఇంకా జాగ్రత్త. ఇసుక మూట కాపడం, వేడినీళ్ల సంచి, ఇటుక కాపడం ఆ పాదానికి పెట్టకూడదు. నొప్పి తగ్గుతుందని పెట్టిన కాపడమే చర్మాన్ని కాల్చేసి, నెలలపాటు మానని పుండుగా మిగులుతుంది.

ఇల్లు కూడా ఒకసారి ఈ పాదంతో నడిచి చూడాలి. గడప అంచుకు మెరిసే రంగు పట్టీ, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, తడి ఆరేదాకా అటు వెళ్లకపోవడం, జారే పట్టాలు, వైర్లు తీసేయడం. చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు వేళ్లకు తగలనంత పైకి ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. నరాల మంటకు ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మాత్రలు మొదట్లో మత్తు తెస్తాయి, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు లైటు వేసుకునే నడవాలి.

బండి సంగతి చాలామంది అడగడానికి మొహమాటపడతారు. ఎడమ పాదం లేవకపోతే బైకు గేరును వేళ్లతో పైకి ఎత్తలేరు. మడమతో నొక్కే లివర్ ఉన్నా స్పర్శ లేకపోతే కష్టమే. కుడి పాదమైతే వెనక బ్రేకు, కారులో యాక్సిలరేటర్ నుంచి బ్రేకుకు పాదం ఎత్తి మార్చడం. నొక్కే బలం ఉండొచ్చు, కానీ ఎత్తే బలం లేకపోతే ఆ అర క్షణం ఆలస్యం ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ సరేననే దాకా నడపకూడదు. తర్వాత కూడా రెండు బ్రేకులూ చేతికే ఉన్న గేర్లు లేని స్కూటర్ నయం, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బలమైన కాలు కింద పెట్టడం అలవాటు చేసుకోవాలి.

లోపం మిగిలిపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్ కోరవచ్చు. వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే చాలా పథకాలు వర్తిస్తాయి. ఒక్క పాదం బలహీనత అందరికీ ఆ అంకెకు చేరదని ముందే తెలిసి ఉంటే వైకల్య శాతం తేల్చే శిబిరంలో నిరాశ ఉండదు. అర్హత ఉన్నవారికి కేంద్రం ఏడిప్ పథకం కింద ఉపకరణాలు ఇస్తుంది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలాంటి చోట్ల కొలతలు తీసి స్ప్లింట్లు తయారుచేసే విభాగాలు ఉన్నాయి.

ఏడాది, ఏడాదిన్నర దాటినా కదలిక రాకపోతే స్నాయువు మార్పిడి ఆపరేషన్ ఒక దారి. పాదాన్ని లోపలికి తిప్పే కండరం స్నాయువును ముందుకు తెచ్చి, పాదాన్ని ఎత్తే పనికి మళ్లిస్తారు. కుష్ఠు వల్ల పాదం పడిపోయినవారికి మన దేశంలో దశాబ్దాలుగా చేస్తున్నదే ఇది. నడుము దెబ్బలో ఒక ఇబ్బంది ఉంది: ఆ కండరానికి వెళ్లేదీ ఎల్5 నరమే. అరువు ఇవ్వాల్సిన కండరమే నీరసంగా ఉంటే ఆపరేషన్ నిలబడదు, పిక్క బిగుసుకుపోయి ఉన్నా నిలబడదు. అందుకే ఆ కండరం బలం 4కు పైన ఉందో లేదో, చీలమండ ఎంత వంగుతుందో చూశాకే సర్జన్ మాట ఇస్తారు. ఇన్ని నెలలూ తువ్వాలుతో పిక్క సాగదీసుకున్నవారికి ఈ దారి ఇంకా తెరిచే ఉంటుంది.